చల్లని పెట్టె



ఇంటికి క్రొత్త వస్తువు వచ్చునప్పుడు దాని వెల యెంత యని మగవారును, దాని నెక్కడ పెట్టవలెనని మనమును ఆలోచించుట వాడుక. దానిలో నేమి దాచవలెను, అది యెవరి కంట పడును అను రెండు ప్రశ్నలను మాత్రము తఱచుగా నెవ్వరును వేయరు. ఈ రెండే ముఖ్యమైన ప్రశ్నలని గడచిన వేసవిలో నాకు బోధపడినది. సందర్భము చెప్పినచో మీలో కొందఱు నవ్వుదురేమో, మఱికొందఱు నొచ్చుకొందురేమో! వైను సీసాలను చల్లగా నుంచు పెట్టెను, అనగా వైను కూలరనుదానిని, మా యింటికి ఎన్నుకొను పని నా నెత్తిన పడినది.

మా మరిది పండ్రెండేండ్లు పరదేశమున ఉద్యోగము చేసి, జంగారెడ్డిగూడెమునకు తిరిగి వచ్చి, మా పాత పెంకుటింటి ప్రక్కనే మేడ కట్టించెను. అతడు త్రాగుబోతు కాడు. ఆదివారము రాత్రి భోజనముతో ఒక గ్లాసు వైను పుచ్చుకొనుట అక్కడ అలవాటైనది. “వదినా, ఇంట్లో ఏ వస్తువు కొన్నా నువ్వే చూస్తావు గదా, ఇదీ నువ్వే చూసిపెట్టు. ముప్పయి సీసాలు పట్టేది, అద్దం తలుపుది, లోపల దీపం వెలిగేది అయితే హాల్లో బాగుంటుంది” అనెను. మా తోడికోడలు నా మొగము చూచినది. మా అత్తగారు విననట్లు గోడవైపు తిరిగి కూర్చుండిరి.

“నాకేల ఈ పని?” యని త్రోసివేయవచ్చును. అయితే మనము కాదన్న మాత్రమున వస్తువులు ఇంటికి రాక మానవు. మనకు తెలియకుండ వచ్చును, అంతే. కావున సంగతి పూర్తిగా తెలిసికొన్న తరువాతనే మాటాడుదమని నిశ్చయించుకొంటిని.

చల్లదనము మనకు క్రొత్తగా నేర్పవలసిన విద్య గాదు. మాది గోదావరి దేశమే యైనను మెట్ట ప్రాంతము. 2022 ఏప్రిలులో మా యూరు పశ్చిమ గోదావరి జిల్లానుండి ఏలూరు జిల్లాలోనికి మాఱినది. జిల్లా మాఱినను ఎండ మాఱలేదు. వైశాఖ జ్యేష్ఠములలో నలుబది డిగ్రీలు దాటుట మాకు వింత గాదు. అట్టి వడగాలిలో కిటికీ యొద్ద నుంచిన మట్టికూజా చేయు మేలు మీ రెఱుగుదురు. కూజా సన్నని రంధ్రములగుండ నీరు చెమర్చి ఆవిరియగును. ఒక గ్రాము నీరు ఆవిరియగునప్పుడు ఇంచుమించు 580 గ్రాముల నీటిని ఒక డిగ్రీ చల్లబఱచునంత వేడిని తీసికొనిపోవును. గాలి పొడిగా నున్నకొలది కూజా చల్లనగును. అందుచేతనే మా మెట్టలో కూజానీరు జిల్లుమనుచుండ, సముద్రపు తేమగాలి వీచు నరసాపురము వైపు అంత చల్లబడదు.

ఈ తెలివి చాలనివారు, లేక ధనము మెండుగా గలవారు, చల్లదనమును కొనుచు వచ్చిరి. అక్బరు పాదుషా కాలమున సూరేకారము కలిపిన నీటిలో కూజాలను త్రిప్పి త్రాగునీటిని చల్లబఱచెడివారని అయినీ అక్బరీలో నున్నది. 1833లో అమెరికాలోని బోస్టనునుండి ఫ్రెడరిక్ ట్యూడర్ అను వర్తకుడు చెఱువులలో గడ్డకట్టిన మంచును కోయించి, ఓడలో కలకత్తాకు పంపించెను. నాలుగు నెలల ప్రయాణములో కొంత కరగిపోగా ఇంచుమించు నూఱు టన్నులు మిగిలినవట! మద్రాసు సముద్రతీరమున ఆ మంచును దాచుటకు 1842లో కట్టిన ఐస్ హౌస్ నేటికిని నిలిచియున్నది. 1897లో వివేకానందస్వామి అందు బస చేసినందున అది వారి పేర ప్రసిద్ధి కెక్కినది. ఆ మంచు చాలవఱకు దొరల బల్లలమీది పానీయములకే పోయెడిది. ఆలోచించినచో మా మరిది కోరిన పెట్టెకు ఆ కట్టడము ముత్తవ్వ వంటిది!

ఇక పెట్టె సంగతి. వైను అనగా పులిసిన ద్రాక్షరసము. పులిసిన పానీయమునకు వేడి శత్రువని మా ప్రాంతపువారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. మన్యము వైపు జీలుగుకల్లు గాని, మా తాటితోపుల కల్లు గాని తెల్లవాఱుజామున తియ్యగా నుండి ప్రొద్దెక్కునప్పటికి పులిసిపోవును. వైను అంత త్వరగా చెడదు గాని, ఇరువదియైదు డిగ్రీలు మించిన గదిలో నెలల తరబడి యున్నచో దాని రుచి పోవును. దానిని 12, 13 డిగ్రీల యొద్ద, వెలుతురు పడకుండ, కుదుపు లేకుండ దాచవలెనని తెలిసినవారు చెప్పుదురు. సీసాకు బెరడు బిరడా యున్నచో పండుకొనబెట్టవలెను. బిరడా తడిగా నున్నంతకాలమే గాలిని లోనికి రానీయదు.

అంగడివారు చూపించు పెట్టెలు రెండు తెగలు. మొదటి తెగలో కంప్రెసరుండదు. రెండు వేఱువేఱు లోహములు కలిసిన చోట విద్యుత్తు ప్రవహించినచో ఒక ప్రక్క చల్లనై, మఱియొక ప్రక్క వేడెక్కునని 1834లో పెల్టియర్ అను ఫ్రెంచివాడు కనిపెట్టెను. ఆయన మొదట గడియారములు చేయువాడు. ఆ సూత్రముపై పనిచేయు పెట్టె చప్పుడు చేయదు, అదరదు, వెలయు తక్కువ. చూడ ముచ్చటగా నుండును. కాని సాధారణముగా అది గది వేడికంటె 15 మొదలు 20 డిగ్రీలవఱకు మాత్రమే తగ్గింపగలదు. మే నెలలో మా హాలు 38 డిగ్రీలున్నచో ఆ పెట్టె లోపల 18కి తక్కువ గాదు, 23 కావచ్చును. చలిదేశములలో చాలినది మన మెట్టలో చాలదు.

రెండవ తెగ మన ఫ్రిజ్జువలె కంప్రెసరుతో పనిచేయునది. కొంచెము చప్పుడు చేయును, వెల యెక్కువ, కాని ఎండకు ఓడదు. ఇందులోను చూడవలసిన గుఱుతొకటి గలదు. పెట్టె వెనుకనో లోపలనో అంటించిన చీటిపై చిన్న అక్షరములలో దాని వాతావరణపు తరగతి వ్రాసియుండును. ఎన్ అనునది 32 డిగ్రీల వఱకు, ఎస్.టి. అనునది 38 వఱకు, టి అనునది 43 వఱకు వేడి గల గదులకు తగినది. మనకు టి తప్ప వేఱొకటి పనికిరాదు. ఫ్రిజ్జు కొనునప్పుడును ఈ చీటి చదువుడు. అంగడిలో దీపముల తళుకు చూపించువాడు దీనిని చూపించడు. మఱియు వేడిగాలి పెట్టె వెనుకనుండి పోవునదైనచో గోడకు ఆనించరాదు, అలమరలో ఇఱికింపరాదు.

ఇంతవఱకు తెలిసిన పిమ్మట కాగితముపై ఒక లెక్క వేసితిని. సీసాలో 750 మిల్లీలీటర్లు పట్టును. గ్లాసుకు 150 చొప్పున అయిదు గ్లాసులు. ఆదివారమునకు ఒక గ్లాసు చొప్పున త్రాగినచో ముప్పయి సీసాలు నూటయేబది ఆదివారములకు, అనగా రెండేండ్ల పది నెలలకు సరిపోవును! మఱియు ఒకమారు తెఱచిన సీసా ఫ్రిజ్జులో మూడు మొదలు అయిదు దినములు నిలుచును; మఱుసటి ఆదివారమునకు దాని రుచి తప్పును. కాబట్టి వారమునకొక గ్లాసు త్రాగువానికి సగము సీసాలు కొనుట లాభము గాని, ముప్పయి నిండు సీసాలు దాచుట లాభము గాదు. అదియును గాక ఇంట నుంచుకొనదగిన మద్యమునకు చట్టము పరిమితి విధించినది. ఆ పరిమితి కాలముబట్టి మాఱుచుండును గనుక ఎక్సైజు కార్యాలయమున విచారింపక పెద్ద పెట్టె కొనరాదు. ఈ లెక్క చూపగా మరిది తల గోకుకొని, “పెట్టె ఉంటే నిండుతుంది, నిండితే ఖర్చవుతుంది, అంతేగా నువ్వనేది?” అని నవ్వెను. నే ననదలచినది సరిగా నదియే.

అంతలో అతడు మంచి మనసుతోనే వేఱొక మాట యన్నాడు. “పాతింట్లో ఫ్రిజ్జు సరిగా పనిచేయడం లేదు గదా, అమ్మ ఇన్సులిన్ కూడా ఇందులోనే పెట్టేద్దాం.” ఈ మాటతో నాకు నవ్వు పోయినది. మా అత్తగారు పదునాలుగేండ్లుగా మధుమేహముతో నున్నారు. తెఱవని ఇన్సులిను 2 మొదలు 8 డిగ్రీల మధ్య నుండవలెను, గడ్డకట్టినచో పాఱవేయవలసినదే. వాడుకలో నున్న సీసా 25 లేక 30 డిగ్రీలకు మించని చోట ఇంచుమించు నాలుగు వారములు నిలుచును. రకమునుబట్టి భేద ముండును గనుక డబ్బాలోని చీటిని చదువవలెను. వైనుకొఱకు 12 డిగ్రీలకు పెట్టిన పెట్టెలో నెలల సరకు ఇన్సులిను నుంచినచో అది క్రమముగా బలము తగ్గును. కంటికి మందువలెనే కనబడును, ఒంటికి మందుగా పనిచేయదు. పాలు, పెరుగు, వండిన కూర సంగతియు నంతే; వానికి నాలుగైదు డిగ్రీల చలి కావలెను. చల్లగా నున్న ప్రతి పెట్టెయు ఫ్రిజ్జు గాదు.

పాత ఫ్రిజ్జు తలుపు రబ్బరు చినిగి రెండేండ్లయినది. రాత్రి కరెంటు పోయిన ప్రతిసారియు అత్తగారు లేచి తలుపు తడిమి చూచుకొనెడివారు. ఎవరితోను చెప్పెడివారు కారు. మేడకు అద్దాల పెట్టె బేరమాడుచున్న మాకు ఆ రబ్బరు జ్ఞాపకము రాలేదేమని ఎవ్వరును ఎవ్వరిని అడుగలేదు. మొదట పాత యింటికి మంచి ఫ్రిజ్జు, ఆ తరువాతనే వేఱొకటి యని మరిదియే తేల్చి చెప్పెను. క్రొత్త ఫ్రిజ్జులో ఇన్సులినును తలుపునందు గాక, మంచుగది ప్రక్కన గాక, నడిమి అరలో మూత గల డబ్బాలో నుంచితిమి.

ఇక మిగిలినది రెండవ ప్రశ్న: అది యెవరి కంట పడును? మా రెండిండ్లలోను పాచిపని చేయునామె భర్త నాటుసారాకు అలవాటుపడి, ఇద్దఱు బిడ్డలను విడిచి కన్నుమూసెను. హాలులో పెట్టెకు స్థలము కొలుచుచుండగా ఆమె చీపురు ప్రక్కన పెట్టి, “అమ్మగారండీ, కోపం తెచ్చుకోకండి. ఆ పెట్టె మాత్రం నా చేత తుడిపించకండి” అన్నది. అంతకు మించి ఒక్క మాటయు ననలేదు.

2022 మార్చిలో మా యూర వరుసగా జరిగిన మరణములకు నాటుసారాయే హేతువని ప్రతిపక్షమువారు, కాదని ప్రభుత్వమువారు శాసనసభలో వాదులాడుకొనిరి. వాద మెట్లున్నను తాళిబొట్టు పోయినవారి దుఃఖమునకు రెండు పక్షములు లేవు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచుండిన స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1వ తేదీన సారా నిషేధమునకు దారితీసినది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలిపోయినది. చట్టములు వచ్చును, పోవును. ఇంటి హాలులో నేమి యుండవలె ననుటకు మాత్రము శాసనసభ యక్కఱలేదు, ఇంటివారు చాలును.

వారమునకొక గ్లాసు వైనును, కూలి డబ్బు మ్రింగు సారాయును ఒకటే యని నే ననను. ఒకటి గావని మా మరిది యెఱుగును, నేనును ఎఱుగుదును. మేడ మెట్లపై ఆడుకొను పిల్లలు ఎఱుగరు. దీపము వెలుగు అద్దములో వరుసగా మెఱయు సీసాలు వారికి పూజామందిరమువలె గొప్పగానే కనబడును. గడప తుడుచు ఆమెకు ఆ భేదము వినవలసిన అగత్యము లేదు.

తుదకు కొన్నది ఎనిమిది సీసాలు పట్టునది. కంప్రెసరు గలది, టి తరగతిది, అద్దము లేని తలుపుది, తాళము గలది. అది మేడపై మరిది చదువుగదిలో, గోడకు జానెడు దూరమున, వోల్టేజి స్టెబిలైజరుతో నున్నది. దానిని అతడే తుడుచుకొనును. తాళపుచెవి తోడికోడలి యొద్ద నుండునని నియమము చేసినది నేను గాదు, అతడే. హాలులో కొలిచిన స్థలము ఖాళీగా నుండగా అత్తగారు అచ్చట ఇసుక పోయించి, నల్లని పెద్దకూజా పెట్టించిరి. వచ్చినవారందఱు దానిలో నీరే అడిగి త్రాగుచున్నారు.

సోదరీమణులారా! మీ యింటికి వచ్చునది ఫ్రిజ్జు కానిండు, కూలరు కానిండు, మఱియే యంత్రమైనను కానిండు, “మాకేమి తెలియును?” అనకుడు. చీటి చదువుడు, లెక్క వేయుడు, ఆ యింట ముందుగా చల్లదన మెవరికి కావలెనో అడుగుడు. ఆ తరువాతనే అంగడికి పొండు.