దూరమునున్న తండ్రితో మాటాడుట



పుట్టినింటికిని మెట్టినింటికిని నడుమ నెంత దూరమున్నను ఆడుబిడ్డ మనస్సు దినమున కొక్కసారియైన నా దూరమును దాటి పోయివచ్చును. పూర్వము మన అవ్వలు పుట్టినూరినుండి వచ్చిన బండివానిని, గాజులమ్మువానిని వాకిట నిలిపి, మజ్జిగయిచ్చి, "మా వారందఱు సుఖముగా నున్నారా?" యని యడుగుచుండెడివారు. నా వాకిట బండిబాట లేదు, సముద్రమున్నది. మావారు మాల్దీవులలో నొక చిన్న పగడపుదీవియందలి పాఠశాలలో గణితము బోధించుచున్నారు. ఆ దేశమున దాదాపు 1,200 దీవులుండగా జనులు కాపురముండునవి యించుమించు రెండువందలు మాత్రమే. మా దీవి నీ కొసనుండి యా కొసకు నడచుటకు పావుగంట చాలును.

మా తండ్రిగారు గుంటూరు సమీపమున నొక గ్రామములో నొంటరిగా నున్నారు. నేను వారికేకసంతానమును. బడికి పోయి చదివినదానను గాను. అమరము మొదలు రఘువంశము, భారతము వఱకు మా యింటి యరుగుమీద వారియొద్దనే చదివితిని. ఆరేండ్ల క్రిందట మా తల్లిగారు పోయినపిదప మావద్దకు రమ్మని యెంత బతిమాలినను వారొప్పుకొనలేదు. వారికి డెబ్బదియెనిమిదేండ్లు. చూపు మందగించినది. చేత నున్నది పెద్ద మీటల చిన్న ఫోను. పచ్చమీట నొత్తిన మాట వినవచ్చును, ఎఱ్ఱమీట నొత్తిన నాగిపోవును; ఆ రెండే వారెఱుగుదురు. తెఱమీద వ్రేలు రాచెడి ఫోనును కొనియిచ్చితిని. "కంటికి కానరానిదానిని వ్రేలితో వెదకుట యెట్లమ్మా?" యని దానిని బీరువాలో పెట్టివేసిరి.

"వాట్సాప్‌లో ఊరకనే మాటాడవచ్చును గదా, ఈ చిక్కంతయు నెందులకు?" అని మీలో కొందఱనవచ్చును. నిజమే. కాని ఆ వెలలేని సౌకర్యము ఇరువైపుల వారియొద్దను అట్టి ఫోనును, నెట్టును ఉన్నప్పుడే కలుగును. ఒకవైపు లేకున్న రెండవవైపున నెన్ని యున్నను నిష్ప్రయోజనమే. మా తండ్రిగారివంటి వృద్ధులు, పాలు పోయు ముసలమ్మ, పొలముగట్టుననుండు పాలేరు, వీరందఱిని చేరుటకు దారి యొక్కటే: వారి ఫోను నంబరు. ఆ దారిని విదేశమునుండి తక్కువ వెలకు నడచుట నేను నేర్చుకొనిన విధమును, నేర్వక పడిన బాధను మీకు చెప్పుకొనవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాను.

విదేశమునకు మాటాడుట యనగా మొన్నమొన్నటివఱకు ధనవంతుల వేడుక. 1927లో లండను న్యూయార్కు నగరముల నడుమ టెలిఫోను మొదలైనప్పుడు మూడు నిమిషములకు 75 డాలర్లు తీసికొనిరి. నా చిన్నతనమున, 1998 ప్రాంతమున, తండ్రిగారు నన్ను చేయిపట్టుకొని పసుపుపచ్చని బోర్డుగల ఎస్‌టీడీ బూతునకు తీసికొనిపోయి, విదేశమందున్న మా మేనమామతో మాటాడించిరి. ఎదుట నున్న యంత్రమునందు ఎఱ్ఱని యంకెలు గబగబ పెరుగుచుండగా నా కన్నులు వానిమీదనే యుండెను. "మామయ్యా, బాగున్నావా?" యన్నది తప్ప మఱేమియు పలుకలేకపోయితిని.

ఇంటర్నెట్టు వచ్చినపిదప ఈ స్థితి మాఱినది. 1995లోనే కంప్యూటరునుండి కంప్యూటరునకు మాట పంపెడి సాధనము అమ్మకమునకు వచ్చినది. 2003లో స్కైపు పుట్టినది. దానిలో కొంత పైకము ముందుగా వేసికొని మామూలు ఫోనులకు గూడ మాటాడుట పెక్కుమందికి అలవాటయ్యెను. నేనును అట్లే చేయుచుంటిని. 2025 మే 5వ తేదీన అది మూతపడినది. నాలుగు దినములు నాకు దిక్కు తోచలేదు. ఇచ్చటి సిమ్మునుండి తండ్రిగారితో పట్టుమని పది నిమిషములు మాటాడితినా, ఆ వారము కూరగాయల ఖర్చును తగ్గించుకొనవలసి వచ్చెను. అప్పుడు మా పొరుగున నున్న కేరళదేశపు ఉపాధ్యాయుని భార్య, "చెల్లీ, వేఱుగా నేదియు దింపుకొననక్కఱలేదు, బ్రౌజరునందే ఫోను చేయవచ్చును" అని తన కంప్యూటరును తెచ్చి చూపినది.

దాని విధము మిక్కిలి సులభము. మనము వార్తలు చదువుకొను బ్రౌజరునందే ఆ సేవ నిచ్చువారి పుటను తెఱచి, పేరు నమోదు చేసికొని, కొంత పైకము వేసికొనవలెను. పుటమీద టెలిఫోను మీటలవంటి యంకెలు కానవచ్చును. నంబరు నొత్తినంతనే బ్రౌజరు మైకును వాడుకొనుటకు మన యనుమతి నడుగును, ఒప్పుకొనవలెను. మన కంఠస్వరము అంకెలుగా మాఱి, చిన్నచిన్న పొట్లములుగా విడి, నెట్టుమార్గమున పోయి, తుదకొక ద్వారమువద్ద మామూలు టెలిఫోను వ్యవస్థకు అప్పగింపబడును. అటనుండి తండ్రిగారి చిన్న ఫోను ఎప్పటివలెనే మ్రోగును. వారికి నెట్టు అక్కఱలేదు. బ్రౌజరునకు ఈ శక్తి నిచ్చు పద్ధతికి వెబ్‌ఆర్‌టీసీ యని పేరు. గూగుల్ వారు 2011లో దానిని అందఱి వాడుకకు విడిచిరి; 2021 జనవరిలో అది వెబ్బునకు ప్రమాణముగా అంగీకరింపబడినది. సెకనునకు నూఱు కిలోబిట్ల వేగము నిలకడగా నున్న చాలును గనుక, వానకాలమున మా దీవిలో సినిమా కదలనప్పుడు గూడ మాట సాగును.

ఇంత చౌక యెట్లు సాధ్యమని నేను మావారి నడిగితిని. వారిట్లు చెప్పిరి: సముద్రములను దాటించుటకు నెట్టుమీద నగు ఖర్చు అత్యల్పము, వెలలో ముఖ్యభాగము, తుదకు ఆ పిలుపును ఫోనునకు చేర్చు దేశములోని కంపెనీకి ఇయ్యవలసిన రుసుము. మన దేశమున ఆ రుసుమును 2018లో నిమిషమునకు 53 పైసలనుండి 30 పైసలకు తగ్గించిరి; 2020లో 35 మొదలు 65 పైసల లోపుగా నుండవచ్చుననిరి. ఇది తక్కువ గనుకనే విదేశమునుండి భారతదేశమునకు మాటాడుట చౌక. రుసుము హెచ్చుగా నున్న దేశములకు బ్రౌజరునుండి మాటాడినను వెల హెచ్చుగానే యుండును. కావున పైకము వేయుటకు ముందే, మనకు వలసిన దేశమునకు నిమిషమున కెంతయో పుటమీద చూచుకొనవలెను.

ఇక మఱియొక చిక్కు వచ్చినది. బ్రౌజరునుండి చేసిన పిలుపు అవతలివారికి ఏదో విదేశపు నంబరుగా కనబడవచ్చును. "తెలియని నంబరు లెత్తకుడు, డిజిటల్ అరెస్టు అని బెదిరించి వృద్ధుల ధనము దోచుచున్నారు" అని ఊరివారు తండ్రిగారిని హెచ్చరించియుండిరి. ఆ హెచ్చరిక న్యాయమైనదే. అందుచేత మేమొక యేర్పాటు చేసికొంటిమి. అచ్చట సాయంకాలము ఏడు గంటలకు, అనగా మాకు ఆఱున్నరకు, ఒక్కసారి మ్రోగించి ఆపి, మరల పిలుతును. వారు ఫోనెత్తి, "నేటి పేరేది?" యని యడుగుదురు. అమరకోశమున సముద్రమునకు పదునైదు పేర్లున్నవి. నేను దినమున కొకటి చొప్పున వరుసగా చెప్పవలెను. పదునైదు దినముల కొక ఆవృత్తి ముగియును. ఏ మోసగానికిని ఆ దినపు పేరు తెలియదు గదా!

ఇట్లు రెండుమూడు నెలలు సుఖముగా జరిగినది. ఆ తరువాత శ్రావణమాసమున నొకనాటి సాయంకాలము ఫోను మ్రోగి మ్రోగి యాగిపోయెను. మరల పిలిచితిని. మూడవసారియు పలుకు లేదు. నా చేతులు చల్లబడినవి. తండ్రిగారి పాత పుస్తకము నొకదానిని నాతో తెచ్చుకొంటిని. దాని వెనుకపుటమీద ఊరిలోని కొందఱి నంబరులు వ్రాసికొని యుంటిని. అందు మొదటిది పాలు పోయు సుబ్బమ్మ యవ్వది. ఆమెయొద్దను చిన్న ఫోనే. రెండవ మ్రోతకే యెత్తినది. "అవ్వా, ఒక్కసారి మా యింటికి పోయి చూడవా" యంటిని. ఆమె ఫోను చేతబట్టుకొనియే పోయి, దొడ్డిలో పాచిపట్టిన బండలమీద జాఱిపడి లేవలేకయున్న తండ్రిగారిని చూచి కేక వేసినది. ఆ కేక నేను సముద్రమున కివతలనుండి వింటిని.

108 వాహనమును బ్రౌజరునుండి పిలుచుట సాధ్యము కాదు. అట్టి చిన్న నంబరులు ఆ దేశమున నున్నవారికే పలుకును. కావున ఎదురింటి కిరాణా కొట్టువారికి ఫోను చేసి వారిచేత పిలిపించితిని. తరువాత గుంటూరులో మాకు తెలిసిన వైద్యుని యింటికి చేసితిని. ఆ నంబరు వ్రాయునప్పుడు 0863 లోని సున్నను తీసివేసి, ముందు 91 చేర్చవలెనని నేర్చుకొనియుండుట ఆనాడు నాకుపకరించినది. వైద్యుడు తుంటియెముక విషయము చెప్పుచుండగా మాట తెగిపోయినది. నెట్టు ఆగినదేమో యనుకొంటిని. కాదు, నేను వేసిన పైకము అయిపోయినది.

సోదరీమణులారా! ఇచ్చట నా తప్పును దాచను. ఆ పైకమును వేయునది ఎల్లప్పుడు మావారే. కార్డు వారిది, బ్యాంకు నుండి వచ్చు సంకేతము వారి ఫోనునకే వచ్చును. ఎట్లు వేయుదురో నేనొకనాడైన అడిగి తెలిసికొనలేదు. "వారుండగా నాకేల?" యనుకొంటిని. ఆ రాత్రి వారు పాఠశాలలో పిల్లలను చదివించుచుండిరి; ఫోను కట్టియుండినది. రఘువంశము చదివితినని మనస్సులో గర్వపడుచుండెడి నేను నూఱు రూపాయలు వేసికొనుట తెలియక, చీకటిలో, చెప్పులులేని కాళ్లతో, ఇసుకమీద పాఠశాలవఱకు పరుగెత్తితిని. పరుగెత్తినది ఏడెనిమిది నిమిషములే. అవి నాకింకను ముగియలేదు.

మావారు వెంటనే యింటికి వచ్చి పైకము వేసిరి. ఆ రాత్రి తెల్లవాఱులోగా పదునాలుగు పిలుపులు చేసితిని. అన్నిటికిని కలిపి నూఱు రూపాయలు కాలేదు. పడవ దొరకి, విమానమెక్కి నేను గుంటూరు చేరునప్పటికి మూడవదినమైనది. అప్పటికే శస్త్రచికిత్స జరిగియుండెను. భగవంతుని దయవలన తండ్రిగారు ఇప్పుడు చేతికఱ్ఱతో అరుగువఱకు నడచుచున్నారు. దొడ్డిలోని బండలను తీయించి గరుకైనవి వేయించితిని. సుబ్బమ్మ యవ్వకు చీర పెట్టబోగా, "నీకు ఫోను చేయ తెలిసినది గనుక నాకు పోవ తెలిసినదమ్మా" యన్నది. ఆమె నన్ను మెచ్చుకొనినది. కాని ఆ యేడెనిమిది నిమిషములు జ్ఞప్తికి వచ్చి నేను తలవంచుకొంటిని.

ఇంటికి వచ్చినపిదప మొదట చేసిన పని, నా పేర బ్యాంకుఖాతాను, కార్డును తీసికొనుట. మన దేశమున క్రొత్తగా నిచ్చు కార్డులకు విదేశపు చెల్లింపును మనము కోరి తెఱపించుకొనవలెను, అదియు చేసితిని. సంకేతము నా ఫోనునకే వచ్చును. మావారే దగ్గఱ కూర్చుండి నేర్పిరి. నేను చెడి నేర్చుకొనిన సంగతులను మీరు చెడకుండ గ్రహింపుడు. మొదట కొద్ది పైకము మాత్రమే వేసి పరీక్షింపుడు. వేసిన పైకమునకు గడువున్నదేమో, నిమిషములో కొంతభాగమునకు గూడ పూర్తి నిమిషపు వెల పట్టుదురేమో చదువుడు. చెవులకు తగిలించుకొను సాధనము వాడినయెడల అవతలివారికి తమ మాట తమకే మాఱుమ్రోగదు. అవసరమునకు సరిపడు నిలువను ఎప్పుడును ఉంచుకొనుడు. అన్నిటికంటె ముఖ్యముగా, కన్నవారి నంబరొక్కటియే గాక, వారి యింటి కడపలోనికి అయిదు నిమిషములలో పోగలవారి నంబరులు రెండుమూడైన కాగితముమీద వ్రాసి పెట్టుకొనుడు.

నిన్నటి సాయంకాలము ఒక్కసారి మ్రోగించి ఆపి, మరల పిలిచితిని. చేతికఱ్ఱ గోడకాన్చిన చప్పుడు వినవచ్చినది. "నేటి పేరేది?" యని యడిగిరి. "పారావారము" అంటిని. "సరే, చెప్పు తల్లీ, వంటయైనదా?" అనిరి.