నయమయ్యాక ఎక్కడికి?

పొద్దున్న ఆరింటికి ఫోను మోగిందంటే అవతల ఎవరున్నా మాట ఒకటే. ‘మా వీధిలో కుక్క ఉంది, వచ్చి తీసుకెళ్ళండి.’

‘దెబ్బేమైనా తగిలిందాండీ?’ అని అడుగుతాను. కొందరు అవునంటారు. కొందరు మాత్రం ‘అబ్బే, ఊరికే ఉంది’ అంటారు. ఊరికే ఉండటమే దాని తప్పు.

విశాఖపట్నంలో ఓ జంతు సంరక్షణ కేంద్రంలో పనిచేస్తాను. పెళ్ళిళ్ళలో చుట్టాలెవరైనా ‘ఏం చేస్తున్నావమ్మా?’ అని అడిగితే చెబుతాను. ‘కుక్కపిల్లలతో ఆడుకుంటే జీతమిస్తారా!’ అని నవ్వుతారు. నేనూ నవ్వేస్తాను. ఆడుకోవడం లేకపోలేదు. కాకపోతే అది రోజంతా కలిపి పది నిమిషాలు.

మా రోజు చీపురుతో మొదలవుతుంది. గదులన్నీ కడగాలి. జబ్బు గదిని బ్లీచింగ్ నీళ్ళతో విడిగా కడగాలి. ఆ గదిలోకి వేసుకెళ్ళిన చెప్పులు ఇంకో గదిలో పెట్టకూడదు. కారణం పార్వో. చిన్న పిల్లలకి వచ్చే వాంతులు, రక్త విరేచనాల జబ్బు. ఆ వైరస్‌ని చంపే మందు లేదు. సెలైన్ పెట్టి ఒంట్లో నీరు తగ్గకుండా చూస్తూ, పిల్ల తట్టుకుంటుందా లేదా అని ఎదురుచూడటమే. నేలమీద ఆ వైరస్ నెలల తరబడి బతుకుతుంది. ఎవరో జాలిపడి అట్టపెట్టెలో నాలుగు పిల్లల్ని తెచ్చి మా గేటు ముందు పెట్టి వెళతారు. పుణ్యం చేశామనుకుంటారు. వాటిలో ఒకదానికి పార్వో ఉంటే లోపలున్న పిల్లలన్నిటికీ గండమే.

పది గంటలకి వంట. పెద్ద గిన్నెలో నూకలు, కోడి ముక్కలు, గుమ్మడికాయ, కాస్త పసుపు. ఉల్లిపాయ మాత్రం వేయం. అది కుక్కల రక్తాన్ని పాడు చేస్తుంది. మా వంటావిడ మొదట్లో ‘ఉల్లిపాయ లేని కూరేం కూరమ్మా’ అని సణిగేది. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళకి ఆవిడే పాఠం చెబుతోంది.

కష్టాలకీ ఋతువులున్నాయి. సంక్రాంతికి మాంజా దారం కోసేసిన పక్షులు వస్తాయి. ఎండాకాలం నీళ్ళు దొరక్క సొమ్మసిల్లినవి వస్తాయి. దీపావళికి టపాసుల మోతకి బెదిరి ఇల్లు వదిలి పారిపోయిన పెంపుడు కుక్కల కోసం యజమానులు ఏడుస్తూ వస్తారు. వానాకాలం వచ్చిందంటే ఇక పుళ్ళు, వాటి నిండా పురుగులు.

బొట్టుగాడు అలాంటి వానాకాలంలోనే వచ్చాడు. ఎర్ర కుక్క, నుదుటిమీద తెల్ల మచ్చ. మెడ మీద అరచేయంత పుండు. ఓ ఆటో అబ్బాయి ఫోన్ చేస్తే వెళ్ళి తెచ్చాం. మొదటి రోజు మందు వేసి, పట్టకారుతో పురుగులు తీస్తుంటే నాకు కడుపులో తిప్పింది. వాడు మాత్రం మూలుగుతూనే కదలకుండా పడుకున్నాడు. నలభై రోజులు పట్టింది పుండు మానడానికి. ఈలోగా కుటుంబ నియంత్రణ ఆపరేషనూ, రేబిస్ టీకా కూడా అయ్యాయి. ఆపరేషన్ అయిందని తెలియడానికి చెవి చివర చిన్న ముక్క కత్తిరిస్తారు, అదీ అయింది. అప్పటికి నా చెప్పుల చప్పుడు వినగానే వాడి తోక గోడకి టపటపా కొట్టుకోవడం మొదలైంది.

ఓ శనివారం డాక్టరుగారు ‘సోమవారం వాణ్ణి వాడి వీధిలో వదిలేద్దాం’ అన్నారు.

‘ఇక్కడే ఉంచేద్దాం సార్’ అన్నాను.

‘ఆ గది వాడికిచ్చేస్తే, రేపు కాలు విరిగి వచ్చేదాన్ని ఎక్కడ పెడతావమ్మా?’

నా దగ్గర జవాబు లేదు. మాది ఆసుపత్రిలాంటిది, ఇల్లు కాదు. పైగా 2001లో వచ్చిన నిబంధనలైనా, వాటి స్థానంలో 2023లో వచ్చినవైనా చెప్పేది ఒకటే. ఆపరేషన్, టీకా అయిన వీధికుక్కని పట్టుకున్న చోటే వదలాలి. దాన్ని తీసేస్తే ఆ ఖాళీలోకి టీకా లేని ఇంకో కుక్క వస్తుంది. 2025లో ఈ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రేబిస్ ఉన్నవాటినీ, మీద పడి కరిచేవాటినీ వదలొద్దని ఆగస్టులో, బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లలో పట్టినవాటిని తిరిగి అక్కడే వదలొద్దని నవంబరులో కోర్టు చెప్పింది. బొట్టుగాడు వీటిలో దేనికిందకీ రాడు. వాడిది మామూలు వీధి.

సోమవారం వ్యాను తలుపు తీయగానే వాడు దూకి, తిన్నగా టిఫిన్ బండి దగ్గరికి పరిగెత్తాడు. నావైపు తిరిగి కూడా చూడలేదు. అది మంచిదేనని నాకు నేను చెప్పుకుంటుండగా ఎదురింటి గేటు దగ్గర్నుంచి కేక వినిపించింది.

‘పీడ వదిలిందనుకున్నాం. మళ్ళీ తెచ్చి మా నెత్తిన పడేస్తారేం?’

రిటైరైన మాస్టారట. ఆయన మనవణ్ణి ఏడేళ్ళ వయసులో వేరే కుక్క కరిచిందట. పిల్లాడు ఇప్పటికీ ఒంటరిగా బడికి వెళ్ళడట. ఆ మాట విన్నాక జంతు ప్రేమ గురించి నేను ఏం చెప్పినా తేలికగానే ఉంటుంది. నేనూ కాట్లు తిన్నదాన్నే. ఈ ఉద్యోగంలో చేరేటప్పుడే మాకు ముందస్తు రేబిస్ టీకాలు వేస్తారు. కాటు పడగానే పావుగంట సేపు సబ్బుతో, పారే నీళ్ళతో కడగాలని, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలని నాకు తెలుసు. లక్షణాలు కనిపించాక ఆ జబ్బు నుంచి బతికి బయటపడేవాళ్ళు దాదాపు ఉండరు. ఆయన భయం ఉత్త భయం కాదు.

చెవి చూపించాను. టీకా సంగతి చెప్పాను. ఆయన అంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేశారు. ‘ఆ టీకా ఎన్నాళ్ళు పనిచేస్తుందమ్మా?’

‘ఏటా మళ్ళీ వేయాలండీ.’

‘ఏటా వచ్చి వేస్తారా మరి?’

‘వేస్తామండీ’ అన్నాను. ఆయన నా ఫోన్ నంబరు రాసుకున్నారు.

అనడం సులువే. ఆ ఏడాదంతా ఎన్ని వీధుల్లో, ఎంతమందికి ఆ మాట ఇచ్చానో లెక్కలేదు. ఉన్నది ఒక్క వ్యాను. పట్టేవాళ్ళు ముగ్గురు. డీజిలుకి డబ్బులున్న రోజు మనుషులుండరు, మనుషులున్న రోజు వ్యాను రిపేరులో ఉంటుంది. రోజూ వచ్చే దెబ్బల కేసుల మధ్య, బాగున్న కుక్క ఎవరికి గుర్తుంటుంది?

మరుసటి ఏడాది ఓ పొద్దున్న ఆరింటికి ఫోను మోగింది.

‘నేనమ్మా, మాస్టార్ని. ఏడాది దాటి పన్నెండు రోజులైంది. మీరు రాలేదేం?’

సిగ్గుతో నాకు మాట రాలేదు. ఆ రోజే వెళ్ళాం. టిఫిన్ బండావిడ ఇడ్లీ ముక్క చూపించి బొట్టుగాణ్ణి పిలిచి పట్టుకుంది. మాస్టారు గేటు లోపలే నిలబడ్డారు. ఆయనకి కుక్కంటే భయం పోలేదు, ప్రేమా పుట్టలేదు. సూది పడ్డాక మాత్రం జేబులోంచి చిన్న డైరీ తీసి తేదీ రాసుకున్నారు.

తిరిగొచ్చాక నేనూ ఓ నోటుపుస్తకం కొన్నాను. వదిలిన ప్రతి కుక్కకీ అందులో వీధి పేరు, టీకా తేదీ, ఆ వీధిలో ఒకరి ఫోన్ నంబరు రాస్తున్నాను. రోజూ పొద్దున్న చీపురు పట్టుకునే ముందు ఆ పుస్తకం తెరుస్తాను. గడువు దాటినవి ఇప్పటికీ కొన్ని కనబడుతూనే ఉంటాయి. ముందు వాటితోనే ఆ రోజు వ్యాను బయలుదేరుతుంది.