ఎండకముందే మూట కట్టొద్దు

 

ఆగస్టు 9 దగ్గర పడుతోంది. ఈసారి ఎగ్జిబిషన్‌లో బొమ్మలు పెడతామని తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది మెసేజ్ చేస్తున్నారు. చాలా సంతోషం. అందులో ముగ్గురు మాత్రం ఒకే మాట అడిగారు: "అన్నా, ఆయిల్ పెయింటింగ్ అయిపోయింది, ఏ వార్నిష్ కొట్టాలి?" ఒక్కొక్కరికి విడిగా చెప్పేకన్నా, నేను చేసిన తప్పు ఇక్కడ రాస్తే అందరికీ పనికొస్తుందని రాస్తున్నా.

ఫైన్ ఆర్ట్స్ రెండో సంవత్సరంలో మా అవ్వ బొమ్మ వేశాను. వాకిట్లో ఇప్పపూలు ఎండబోసి, పక్కనే కూర్చుని చేత్తో కలబెడుతున్న అవ్వ. జులైలో పూర్తయింది. తెల్లచీర బాగా కనపడాలని అక్కడ రంగు మందంగా పెట్టా. పైపైన ఆరాక చూస్తే కొన్నిచోట్ల మెరుపు, కొన్నిచోట్ల బూడిద రాసినట్టు డల్‌గా ఉంది. రంగులోని నూనెను కింది పూత పీల్చుకున్నచోట అలా అవుతుందని అప్పుడు నాకు తెలియదు.

ఆగస్టు 8 సాయంత్రం. బయట ముసురు. హార్డ్‌వేర్ షాపుకి పోయి చెక్క తలుపులకు కొట్టే వార్నిష్ చిన్న డబ్బా తెచ్చి మందంగా ఒక కోటు కొట్టేశా. తెల్లారేసరికి బొమ్మ నిగనిగలాడింది. అందరూ దాని ముందు ఫోటోలు దిగారు. నాకు కాళ్లు నేల మీద ఆగలేదు.

ఏడాదిన్నర తిరిగేసరికి తెల్లచీర పసుపుపచ్చగా మారింది. రంగు మందంగా ఉన్నచోటల్లా సన్నని పగుళ్లు. అప్పటికి అవ్వ లేదు. ఎలాగైనా బాగుచేద్దామని టర్పెంటాయిల్‌లో దూది ముంచి ఒక మూల రుద్దా. కదల్లేదు. ఘాటైన థిన్నర్‌తో రుద్దితే వార్నిష్‌తో పాటు దూదికి గోధుమరంగు కూడా అంటింది. అది అవ్వ చేతి రంగు. అక్కడితో ఆపేశా.

ఎందుకిలా అయింది? నీళ్ల రంగు నీరు ఆవిరైతే ఆరిపోతుంది. ఆయిల్ రంగు అలా కాదు. అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ని మెల్లగా తీసుకుంటూ గట్టిపడుతుంది. పైన ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది, లోపల ఇంకా మెత్తగానే ఉంటుంది. దాని మీద గట్టి పొర వేస్తే లోపలి రంగు కదిలినప్పుడు పైపొర పగులుతుంది. అందుకే పాతకాలం నుంచి చివరి వార్నిష్‌కి ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఆగమంటారు. మందంగా వేస్తే ఇంకా ఎక్కువే.

సిగ్గుపడాల్సిన సంగతేంటంటే, ఈ లెక్క నాకు చిన్నప్పుడే తెలుసు. ఇప్పపూలు పైన ఎండాయి కదా అని నేను గంపకెత్తబోతే అవ్వ కసిరేది: "పైన ఎండితే ఎండినట్టు కాదు బిడ్డా, గుప్పిట్లో నలిపి చూడు." తేమ ఉండగా మూట కడితే బూజు పడుతుంది. అవ్వ బొమ్మ వేశాను గానీ అవ్వ చెప్పింది మర్చిపోయా.

రెండో తప్పు, చెక్క వార్నిష్ వాడటం. బొమ్మకు వార్నిష్ వేసేది దుమ్ము, పొగ రంగుకు అంటకుండా. కొన్నేళ్లకు ఆ పొర మురికైతే తీసేసి కొత్తది వేసుకునేలా ఉండాలి. డామర్ వార్నిష్ అలాంటిది. అది చెట్టు బంక. మన సాల చెట్టు, గుగ్గిలం ఇచ్చే చెట్టు, ఆ కుటుంబంలోవే డామర్ చెట్లు కూడా. అదీ కాలం గడిస్తే పసుపెక్కుతుంది గానీ, రంగు బాగా గట్టిపడి ఉంటే టర్పెంటాయిల్‌తో జాగ్రత్తగా తీయొచ్చు. చెక్క వార్నిష్ అలా రాదు, రంగుని కూడా పట్టుకుని వస్తుంది.

ఇప్పుడు నేను చేసే పద్ధతి: మందంగా ఉన్నచోట గోరుతో మెల్లగా నొక్కి చూస్తా. గుంట పడితే ఇంకా ఆగాలి. తర్వాత ఓ మూల టర్పెంటాయిల్ చెమ్మ చేసిన దూదితో తేలిగ్గా తుడుస్తా. రంగు అంటితే ఇంకా ఆగాలి. వర్షం లేని పొడి రోజు చూసుకుంటా. ముసురులో కొడితే పైన తెల్లగా మసక పడుతుంది. దుమ్ము తుడిచి, బొమ్మని బల్ల మీద పడుకోబెట్టి, ఫ్యాన్ ఆపి, వెడల్పాటి మెత్తటి బ్రష్‌తో పల్చగా ఒక్క కోటు. కొట్టినచోట మళ్లీ బ్రష్ పెట్టను. ఆ వాసన తలనొప్పి తెస్తుంది, పని అవ్వగానే గదిలోంచి బయటికొచ్చేస్తా. పొయ్యి, దీపం దగ్గర అసలు చేయొద్దు.

మరి ఈ ఆగస్టు 9కి ఏం చేయాలి అంటారా? వార్నిష్ లేకుండానే పెట్టండి. డల్‌గా ఉంటే ఉండనీ. చూసేవాళ్లు బొమ్మ చూస్తారు, మెరుపు కాదు. వచ్చే ఎండాకాలం తీరిగ్గా వేసుకోవచ్చు.

మన బొమ్మలు చివరికి ఏసీ గ్యాలరీల్లో ఉండవు. కట్టెల పొయ్యి పొగ తగిలే మన ఇళ్ల గోడల మీదే ఉంటాయి. అందుకే మనకు వార్నిష్ ఇంకా ఎక్కువ అవసరం. అందుకే తొందర పనికిరాదు.

అవ్వ బొమ్మ ఇప్పుడు మా ఇంట్లో ఉంది. చీర పసుపుపచ్చగా, ఒక చెయ్యి చివర కొంచెం చెరిగి. మళ్లీ వేద్దామంటే ఎదురుగా కూర్చోడానికి అవ్వ లేదు. మీవాళ్లు కూర్చుంటున్నప్పుడే వేయండి, వేసింది బాగా ఆరనివ్వండి.