మనోళ్లెప్పుడాడుతరు డాడీ?

ఆట తొంభై నిమిషాల్లో అయిపోతుంది. దాని మీద వాదనకి మాత్రం గడువేమీ ఉండదు. ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదిలేయాలి, ఎడమ పక్క ఎవరు ఆడాలి, గోల్‌కీపర్‌ని మార్చాలా వద్దా... మైదానాలు ఖాళీగా ఉండే నెలల్లోనే ఫుట్‌బాల్ అభిమానికి పని ఎక్కువ. కొత్త సీజను ఇంకా మూడు నెలలుందనగానే కబుర్ల సీజను మొదలైపోతుంది!

కోల్‌కతాలోనో కోళికోడ్‌లోనో అయితే ఇందులో వింతేం లేదు. ముత్తంగిలో మాత్రం కాస్త వింతే.

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి వైపు వెళ్తుంటే, ముంబయి రహదారీ అవుటర్ రింగురోడ్డూ కలిసే చోటు ముత్తంగి. ఇంకాస్త ముందుకెళ్తే ఇస్నాపూర్. లోపలికెళ్తే పాశమైలారం. అంతా కార్ఖానాల ప్రాంతం. షిఫ్టు వదలగానే చాయ్ దుకాణాల ముందు తెలుగుతో పాటు హిందీ, బెంగాలీ, ఒడియా, మలయాళం కూడా వినిపిస్తాయి. అక్కడ క్రికెట్ గురించి మాట్లాడేవాళ్లు వందమంది ఉంటే ఫుట్‌బాల్ గురించి మాట్లాడేవాళ్లు ముగ్గురు. ఆ ముగ్గురూ ఒక్కచోట చేరితే మిగతా వందమందీ కాస్త పక్కకి జరగాల్సిందే. గొంతులు అలాంటివి మరి!

ఒకాయనది ముత్తంగే. లేత్ ఆపరేటరు. నలభై అయిదు దాటాయి. రెండో ఆయన కేరళవాడు. క్వాలిటీ చూస్తాడు. కేరళ బ్లాస్టర్స్ పేరెత్తితే నిద్రలోంచైనా లేచి కూర్చుంటాడు. మూడో అతను బెంగాల్ నుంచి వచ్చిన ప్యాకింగ్ కుర్రాడు. ఈస్ట్ బెంగాల్ అతనికి తాత ముత్తాతల ఆస్తి. ఒకే కార్ఖానా, ఒకే క్యాంటీను, మూడు జట్లు... 2025 అక్టోబరు దాకా!

ఫతేమైదాన్ కబుర్లు

లేత్ ఆయనకి ఈ పిచ్చి తండ్రి నుంచి వచ్చింది. ఆ తండ్రి కుర్రతనంలో నగరానికి కూలి పనికి వెళ్లి, ఫతేమైదాన్‌లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు ఆడుతుంటే చూశాడు. తర్వాత లాల్ బహదూర్ స్టేడియం అయింది ఆ మైదానమే. పోలీసు జట్టంటే అప్పట్లో మామూలు జట్టు కాదు. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం ఒకప్పటి బడిపంతులు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు గెలిచింది. మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ అంతకన్నా పైకి ఎన్నడూ వెళ్లలేదు. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించిన మరుసటి ఏడాదే, 1963లో, రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు. 2024లో వచ్చిన హిందీ సినిమా 'మైదాన్' ఆయన కథే.

ఆ ఆటగాళ్ల గురించి తండ్రి చెప్పిన మాట ఒకటి లేత్ ఆయన ఇప్పటికీ తలుచుకుంటాడు. ''కొనుక్కొచ్చినోళ్లు కాదు బిడ్డా... బజార్ల మనకు ఎదురుపడేటోళ్లు!''

పసుపు జెర్సీ వచ్చింది

తండ్రి పోయాక చాలా ఏళ్లపాటు ఆయన ఫుట్‌బాల్ అంతా టీవీలోనే. ప్రపంచకప్పులు, యూరప్ లీగులు. ఎవరి జట్టునో అరువు తెచ్చుకుని అరవడమే. 2019 ఆగస్టులో ఆ కొరత తీరింది. ఇండియన్ సూపర్ లీగ్‌లో పుణె జట్టు స్థానంలోకి హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. పసుపూ నలుపూ రంగులు. సొంత మైదానం గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం.

మొదటి మ్యాచ్ కోల్‌కతాలో. 0-5తో చిత్తు! ''దాదా, మీవాళ్లు ఇంకా రైలు దిగలేదా?'' అంటూ బెంగాలీ కుర్రాడు వారం రోజులు ఏడిపించాడు. నవంబరు 2న సొంత మైదానంలో తొలి మ్యాచ్. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్! లేత్ ఆయన అయిదేళ్ల కూతుర్ని బండి మీద ముందు కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. అవుటర్ మీదికి బైకుల్ని రానివ్వరు. పటాన్‌చెరు, లింగంపల్లి మీదుగా ట్రాఫిక్‌లో పడి వెళ్లేసరికి గ్యాలరీలో ఎటు చూసినా మలయాళీలే. సొంత మైదానంలో చుట్టాల్లా కూర్చున్నారు తండ్రీకూతుళ్లు. అయితేనేం, హైదరాబాద్ 2-1తో గెలిచింది. రాత్రి పదకొండింటికి ఇల్లు చేరేసరికి పాప నిద్రలో ఉంది. పిడికిట్లో పసుపు జెండా మాత్రం వదల్లేదు.

ఆ సీజన్లో 18 మ్యాచ్‌లు ఆడితే గెలిచినవి రెండే. పట్టికలో అట్టడుగు. ''ఆ రెంట్ల ఒకటి మేం చూసినం'' అని మాత్రం ఆయన గర్వంగా చెప్పుకునేవాడు.

చాయ్ దుకాణంలో డ్రాఫ్టు

లీగ్ మొదలైన 2014లో భారత ఆటగాళ్లని డ్రాఫ్ట్ పద్ధతిలో పంచేవారు. క్లబ్బులవాళ్లంతా ఒక హాల్లో కూర్చుని, వంతులవారీగా పేరు పిలిచి ఒక్కొక్కర్నీ తీసుకునేవారు. బళ్లో ఇద్దరు కెప్టెన్లు నిలబడి 'నాకు వీడు... నీకు వాడు' అని పంచుకున్నట్టే! 2017లో కేరళ డిఫెండర్ అనస్ ఎడతొడికని జంషెడ్‌పూర్ మొట్టమొదట పిలుచుకుంది. ధర 1.10 కోట్లు. ఆ తర్వాత ఆ పద్ధతి పోయింది. క్లబ్బులే నేరుగా ఒప్పందాలు చేసుకుంటున్నాయి.

ఈ ముగ్గురికీ అది నచ్చలేదు. అందుకే ప్రతి వేసవిలోనూ సొంత డ్రాఫ్టు పెట్టుకునేవారు. చిత్తు కాగితం వెనక పేర్లు రాసి, కిందటేడు పట్టికలో అట్టడుగున ఉన్నవాళ్లకి మొదటి వంతు. అంటే మొదటేడు లేత్ ఆయనదే! మిజోరం కుర్రాడు మంచివాడా, మణిపూర్ కుర్రాడు మంచివాడా అని రెండో చాయ్ అయ్యేదాకా తగువు.

అన్నిటికన్నా పెద్ద తగువు స్ట్రైకర్ల మీద. గోల్స్ కొట్టే చోట క్లబ్బులు విదేశీయుల్నే పెట్టుకుంటాయి. గెలవాలి కదా! మరి మనవాళ్లకి గోల్ కొట్టడం ఎప్పుడొస్తుంది? 2021-22 నుంచి మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయులే ఉండాలని నిబంధన వచ్చింది. అంతకుముందు అయిదుగురు. ఒక్కరు తగ్గితే సరిపోతుందా అని మలయాళీ. తగ్గిస్తే ఆట చూసేదెవరని బెంగాలీ. లేత్ ఆయనది మధ్యేమార్గం. ''ఒగ్బెచే ఉన్నన్ని రోజులు ఏం మాట్లాడకుండ్రి. గాయన పోయినంక సూద్దాం'' అనేవాడు.

అనడూ మరి! నైజీరియా ఆటగాడు ఒగ్బెచే ముప్పై ఏడేళ్ల వయసులో ఆ సీజన్లో హైదరాబాద్‌కి 18 గోల్స్ కొట్టాడు. స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ చేతిలో పడ్డాక జట్టు తీరే మారిపోయింది. కాకపోతే కరోనా వల్ల రెండు సీజన్లూ గోవాలోనే. గచ్చిబౌలికి తాళం.

2022 మార్చి 20, ఆదివారం. గోవాలో ఫైనల్. మళ్లీ కేరళ బ్లాస్టర్సే! ముగ్గురూ మలయాళీ ఇంట్లో టీవీ ముందు కూర్చున్నారు. ఆ రోజు పసుపు జెర్సీ హైదరాబాద్‌కి దక్కింది. కేరళ జట్టు నల్ల దుస్తుల్లో దిగింది. గ్యాలరీలో కేరళ అభిమానులంతా పసుపులో! ఎవరు ఎవరి కోసం అరుస్తున్నారో లేత్ ఆయన భార్యకి చివరిదాకా అర్థం కాలేదు. కేరళ ముందు గోల్ కొట్టింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతితో స్కోరు సమం. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపేశాడు. 3-1. హైదరాబాద్ ఛాంపియన్! ఫైనల్లో ఓడటం కేరళకి అది మూడోసారి. మలయాళీ కాసేపు గోడకేసి చూశాడు. తర్వాత లేచి టీవీ కట్టేసి అందరికీ చాయ్ పెట్టాడు.

కట్టిమణిది గోవా, యాసిర్‌ది మణిపూర్, ఆకాశ్ మిశ్రాది ఉత్తరప్రదేశ్. ఎవరిదీ ముత్తంగి కాదు. అయినా ఆ రాత్రి ఏడేళ్ల పాప వీధంతా తిరిగి చెప్పిన మాట ఒక్కటే: ''మనోళ్లు గెలిచిండ్రు!''

విడిపోయిన జట్టు

గెలిచిన జట్టుని కలిపి ఉంచడం గెలవడం కన్నా కష్టం. ఆశిష్ రాయ్ 2022లోనే కోల్‌కతా వెళ్లాడు. ఆకాశ్ మిశ్రా 2023లో ముంబయి వెళ్లాడు. మార్కెజ్ గోవా జట్టుకి వెళ్లారు. 2023-24లో బకాయిల గొడవలు, కొత్త ఆటగాళ్లని తీసుకోకుండా నిషేధం, విదేశీయుల నిష్క్రమణ. కుర్రాళ్లతోనే నెట్టుకొచ్చిన ఆ సీజన్లో గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్. చాయ్ దుకాణంలో అప్పుడు వాదన తగ్గింది. ఎవర్ని తీసుకోవాలన్న ప్రశ్న పోయి, ఎవరైనా మిగులుతారా అన్న ప్రశ్న వచ్చింది. 2024లో యాజమాన్యం మారింది. ఆ ఏడాది 13 జట్లలో 12వ స్థానం.

మధ్యలో ఒక్క మంచి రోజు. 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ గచ్చిబౌలిలోనే జరిగింది. ఆడింది బెంగాల్, కేరళ! లేత్ ఆయన మధ్యలో కూర్చున్నాడు. అటు మలయాళీ, ఇటు బెంగాలీ. ఆట ముగిసే వేళ రాబీ హన్స్‌దా కొట్టిన గోల్‌తో బెంగాల్ 1-0తో గెలిచి 33వసారి ట్రోఫీ ఎత్తుకుంది. 1956-57, 1957-58 సీజన్లలో అదే ట్రోఫీ వరసగా గెలిచింది హైదరాబాదే అన్న సంగతి ఆయన ఇద్దరికీ గుర్తుచేశాడు. ''దాదా, అప్పటికి మా నాన్న కూడా పుట్టలేదు'' అన్నాడు బెంగాలీ కుర్రాడు.

2025 అక్టోబరులో ఆ వార్త వచ్చింది. జట్టు ఢిల్లీ వెళ్లిపోతోంది. పేరు కూడా మారింది... స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ.

ఇలాంటి దెబ్బ ఈ నగరానికి కొత్త కాదు. దక్కన్ ఛార్జర్స్ గుర్తుందా? 2008లో అట్టడుగున ఉండి, 2009లో ఐపీఎల్ గెలిచింది. అదీ దక్షిణాఫ్రికాలో! 2012లో కనుమరుగైంది. ఫుట్‌బాల్ జట్టుదీ అదే దారి. మొదటేడు అట్టడుగు, తర్వాత పరాయి మైదానంలో కిరీటం, ఆపైన వీడ్కోలు. తేడా ఒక్కటే. క్రికెట్లో మరుసటి ఏడాదికల్లా సన్‌రైజర్స్ వచ్చింది. ఫుట్‌బాల్లో ఆ కుర్చీ అలాగే ఉండిపోయింది. ఆటగాడికి ఒప్పందం ఉంటుంది, యజమానికి కాగితాలు ఉంటాయి. బండి మీద ఇరవై కిలోమీటర్లు వెళ్లి అరిచొచ్చినవాడి సంతకం ఎక్కడా ఉండదు.

పాప అడిగింది. ''మనోళ్లెప్పుడాడుతరు డాడీ?'' ఆయన దగ్గర జవాబు లేదు.

సలహాలకి మాత్రం కరవు లేదు. ''మా జట్టులోకి వచ్చెయ్ అన్నా'' అన్నాడు మలయాళీ. ''ఈస్ట్ బెంగాల్‌కే రావాలి. మీ సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం మా కెప్టెన్ కదా!'' అన్నాడు బెంగాలీ. నిజమే. 1956, 1960 ఒలింపిక్స్‌లో ఆడిన బలరాం 1961-62లో ఈస్ట్ బెంగాల్‌కి నాయకుడు. అజీజ్‌నగర్‌లో ఆడిన శ్రీనిధి దక్కన్ సంగతీ వచ్చింది. ఐ-లీగ్‌లో 2022-23లో, 2023-24లో రెండో స్థానం సాధించిన జట్టది. ఆయన అన్నీ విన్నాడు. ''సూద్దాం లే'' అన్నాడు. అమ్మాయి పసుపు జెర్సీ పొట్టిదైపోయింది. బీరువాలో పెట్టాడు.

ఆదివారం మైదానం

ఇప్పుడా అమ్మాయి ఆరో తరగతి. ఇళ్లు లేవని ప్లాట్ల మధ్య ఆదివారం పొద్దున్నే పదిహేనుమంది పిల్లలు చేరుతున్నారు. వాళ్లలో ఆడపిల్లలు ముగ్గురు. గోల్‌పోస్టులంటే నాలుగు ఇటుకలు. నేర్పేవాళ్లు ఆ ముగ్గురు కార్ఖానా మనుషులే. నైట్ షిఫ్టు ఉన్నవాడు కళ్లు నులుముకుంటూ వస్తాడు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన సౌమ్య గుగులోతు ఈస్ట్ బెంగాల్‌తో మహిళల లీగ్ గెలిచింది. 2024-25కి దేశంలో ఉత్తమ క్రీడాకారిణి అయింది. 2025 జులైలో థాయ్‌లాండ్‌ని ఓడించి ఆసియా కప్‌కి అర్హత సాధించిన జట్టులోనూ ఉంది. ఆమె ఫొటో పేపర్లోంచి కత్తిరించి అమ్మాయి నోటుపుస్తకం అట్ట లోపల అంటించుకుంది.

వేసవి రాగానే ముగ్గురికీ పాత రోగం తిరగబెట్టింది. ఈసారి చిత్తు కాగితం మీద ఉన్నవి ఆ పదిహేనుమంది పేర్లే.

''ఎడమకాలు గట్టిది. ఎడమ పక్కన ఆడాలె'' అన్నాడు తండ్రి, కూతురి పేరు చూపిస్తూ.

''కాదన్నా. తల ఎత్తి చూసి పాస్ ఇస్తుంది. మధ్యలో ఆడాలి'' అన్నాడు మలయాళీ.

''ముందు కుడికాలితో కొట్టడం నేర్పండి దాదా. ఒంటికాలితో ఎన్నాళ్లు?'' అన్నాడు బెంగాలీ.

పక్కనే నిలబడి నీళ్లు తాగుతున్న అమ్మాయి మూత బిగిస్తూ అంది. ''నేను గోల్‌కీపరైత. కట్టిమణి లెక్క!''

ముగ్గురూ ఒకేసారి ''అదెట్ల?'' అన్నారు. మళ్లీ మొదలైంది వాదన. రెండో చాయ్ కూడా అయిపోయింది. పదిహేనుమందిలో పేరు ఖాయమైంది మాత్రం ఇంకా ఒక్కరిదీ లేదు.