నేల, బెంచీ, కుర్చీ

ఈసారి సావనీరుకు ఏదైనా రాయమని సంపాదక మిత్రులు అడిగితే, మా తట్టు పాత సినిమా టాకీసుల గురించి రాస్తానన్నాను. "సైన్సు విద్యార్థివి, సైన్సు సంగతేదైనా రాయరాదా?" అన్నారు. టాకీసులో సైన్సు లేదని వారికెవరు చెప్పారో! ఆ ముచ్చటకు తర్వాత వస్తాను.

మాది జగిత్యాలకు, కోరుట్లకు నడుమ ఉన్న పల్లె. వ్యవసాయ కుటుంబం. అమ్మ పుట్టిల్లు కోరుట్ల పక్కనే. మేనత్తను సిరిసిల్లకిచ్చారు. అందుచేత ఈ మూడు ఊళ్ళ టాకీసుల చరిత్ర నాకు ఇంట్లోనే దొరికింది. కరీంనగర్‌లో 1909లో పుట్టిన పైడి జైరాజ్ బొంబాయి పోయి మూకీల కాలంలోనే హీరో అయ్యాడని, 1980 సంవత్సరపు ఫాల్కే అవార్డు ఆయనకు వచ్చిందని, సిరిసిల్లలో చదువుకున్న హనుమాజీపేట పిల్లవాడు సి.నారాయణరెడ్డిగారు 1962లో 'గులేబకావళి కథ'కు పాటలన్నీ రాశారని చాలామంది రాశారు. తెర ముందర కూచున్నవాళ్ళ సంగతే ఎవరూ రాయలేదు.

మా తాత చిన్నప్పుడు వడ్లు ఇంటికి చేరినంక ఊరిబయట డేరా టాకీసు పడేది. పొద్దుగూకే యాళ్ళకు మైకులో ఘంటసాల భక్తిపాట మొదలైతే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బండ్లు కట్టేవారు. ప్రొజెక్టరు ఒక్కటే. రీలు అయిపోయినప్పుడల్లా లైట్లు వెలగవలసిందే. అంటే మూడు గంటల సినిమాకు ముచ్చటగా మూడు నాలుగు ఇంటర్వెళ్ళు! అమెరికాలో కామ్డెన్ అనే ఊళ్ళో 1933లో కార్లలోనే కూచుని సినిమా చూసే డ్రైవిన్ మొదలైందని చదివి తాతకు చెప్పాను. "మేము ఎడ్లబండ్ల మీద కూసోని జూసినంరా. మాతోటి ఎడ్లు గూడ జూసినయి" అన్నాడు.

ఇక సైన్సు. మా మేనమామ 1980లలో కోరుట్లలో ఒక టాకీసు ఆపరేటరు దగ్గర సహాయకుడు. ఆయన ఇచ్చిన పెన్సిలు ముక్కంత కార్బన్ కడ్డీ ఇప్పుడు నా హాస్టలు గదిలో ఉన్నది. ఇట్లాంటి కడ్డీలు రెండింటికి డీసీ కరెంటు ఇచ్చి, కొనలు తాకించి, కొంచెం ఎడంగా జరిపితే ఆర్కు పుడుతుంది. కొన దగ్గర వేడి మూడున్నర వేల డిగ్రీలు దాటుతుంది. కడ్డీలు కాలి అరుగుతుంటే వాటిని దగ్గరికి జరుపుతూ ఉండాలి. ఏమరితే తెర మీద వెలుగు మసకబారి, కింది నుంచి ఈలలు. సెకనుకు 24 బొమ్మలు, నిమిషానికి 90 అడుగుల ఫిలిం. 2000 అడుగుల రీలు 22 నిమిషాలే నడుస్తుంది, ఆలోగా రెండో మిషను సిద్ధం కావాలి. మామ తొమ్మిదో తరగతి ఫెయిలు. దృష్టి నిలకడను గురించి ఆయన చెప్పినంత తేటగా నాకు ఏ పాఠమూ చెప్పలేదు.

అయితే నేను అసలు రాయదలచింది టికెట్ల గురించి. నేల, బెంచీ, కుర్చీ. జగిత్యాలలో తాత నేలకే పోయేవాడు. పైసలు లేక కాదు. "మా ఊరి దొర ఎదురుంగ మంచమ్మీద గూసునెటోళ్ళం గాదు. టాకీసుల కుర్చీల మీద దొర కొడుకు గూసుంటడు. ఆయన పక్కపొంటి మనం గూసుంటే, తెల్లారి ఊళ్ళె ఎట్లుంటది?" టికెటు ఇచ్చేవాడు కులం అడగడు, ఊరు అడగడు. అయినా ఆ కుర్చీ మా తాతకు చాలా దూరంగా ఉండేది.

1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జైత్రయాత్ర జరిగింది. పల్లెల నుంచి రైతుకూలీలు వేలమంది నడిచి వచ్చారు. అక్టోబరు 20న ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తర్వాతి కథ పెద్దది, ఇక్కడ చెప్పతరం కాదు. మా ఇంటికి సంబంధించినంత వరకు జరిగింది ఇది: మరుసటేడు పసుపు అమ్మినంక తాత బాపమ్మను వెంటబెట్టుకుని పోయి రెండు కుర్చీ టికెట్లు కొన్నాడు. ఏం సినిమానో ఇద్దరికీ యాదిలేదు. కుర్చీ మాత్రం యాదున్నది. చెక్క కుర్చీ, నిండా నల్లులేనట.

కోరుట్లలో మ్యాట్నీలు బీడీలు చేసే ఆడవాళ్ళవి. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. పగారు నాడు అమ్మ, ఆమె జోడీలు చాటలు అవతలపెట్టి పోయేవారు. ఎవరినీ అడుక్కోని పైసలతో కొన్న టికెటది. సిరిసిల్లలో సాంచాల చప్పుడు రాత్రింబగళ్ళు. అత్త పెనిమిటి టాకీసు ముందర మిర్చీల బండి పెట్టేవాడు. ఏ షిఫ్టువాళ్ళు ఏ ఆటకు వస్తారో ఆయనకు నోటికి వచ్చు. సాంచాలు ఆగిన నెల తన గిన్నెలో నూనె కూడా కాగేది కాదంటాడు. టీవీ వచ్చి టాకీసులు మూతపడ్డాయని సులువుగా అంటాం గాని, నేతగాని చేతిలో పైసలు ఆడకపోవడం కూడా లెక్కలోకి రావాలని నా అభిప్రాయం.

మేనమామ దుబాయి పోయాడు. మొదటి సెలవుకు వస్తూ వీసీఆర్ తెచ్చాడు. టాకీసులో పనిచేసినవాడే టాకీసుకు ఎసరు పెట్టాడని అమ్మ ఎత్తిపొడుస్తుంది. తర్వాత డిషు, ఫోను. ఆయన కార్బన్ కడ్డీలు మార్చిన టాకీసు ఇప్పుడు ఫంక్షన్ హాలు. బాల్కనీ మెట్లు అట్లాగే ఉన్నాయి. వాటి కింద వంటపాత్రలు పెడతారు.

ఇంకొక్క మాట. అన్నేళ్ళు ఇంత జనం టికెట్లు కొని చూసిన తెర మీద, మా మాట హాస్యగానికో, రౌడీకో తప్ప దక్కలేదు. 1980లో వచ్చిన 'మా భూమి' వంటివి వేళ్ళమీద లెక్క. 2023 మార్చిలో సిరిసిల్లవాడు వేణు యెల్దండి తీసిన 'బలగం' వచ్చింది. చావు, పిట్టకు పెట్టడం, అలిగిన బావ, అంతా మా ఇంటి ముచ్చటే. ఊరూరా తెరలు కట్టి చూశారు. మా ఊళ్ళోనూ పంచాయితీ ముందర తెర కట్టి, ఫంక్షన్ హాలు నుంచి ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించారు. తాతకు ముందు వరసలో కుర్చీ వేశాను. ఆయన దాన్ని అవతలకు జరిపి, తువ్వాల పరుచుకుని నేల మీద కాళ్ళు చాపుకున్నాడు.

"కుర్చీ ఉన్నది గద తాతా" అంటే, "గీడికెల్లి మంచిగ అగుపడుతంది, నువ్వు గూసో" అన్నాడు.