మోకాళ్ల పర్వతం దగ్గర...

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. గాలిగోపురం దాకా ఉన్న నిటారు ఎక్కుడే కాళ్ల సత్తువంతా లాగేస్తుంది. ఆ తర్వాత దారి చాలామేర చదునుగా సాగి ఊరిస్తుంది. ఇక వచ్చేశాం అనుకునే వేళకు మోకాళ్ల పర్వతం ఎదురవుతుంది! చాలామంది చతికిలబడేది అక్కడే. చిన్ననాటి అన్నమయ్య కూడా ఆకలితో అక్కడే సొమ్మసిల్లాడట. అలమేలుమంగమ్మ ముసలమ్మలా వచ్చి, కాళ్లకున్న చెప్పులు విప్పి ఎక్కమని చెప్పి, ప్రసాదం తినిపించిందని కథ.

పైకి చూస్తూ లెక్కలేసుకునేవాళ్లే ముందు డీలాపడతారు. మెట్టుమెట్టుకీ వంగి పసుపు కుంకుమలు పెడుతూ వచ్చే ఆడవాళ్లని చూడండి. వాళ్లకి కనిపించేది ఎదురుగా ఉన్న ఒక్క మెట్టే. నడుం నొప్పి పుట్టదా అంటే, పుడుతుంది. కాసేపు కూలబడి, మంచినీళ్లు తాగి, మళ్లీ వంగుతారు.