నల్లా లేని అంగట్లో కొత్తిమీర

కొత్తిమీర కట్ట కట్టేటప్పుడు ఆమె చేతులు చూడాలి. పిడికెడు మొక్కల్ని వేళ్లవైపు గోనెపట్టా మీద ఒక్కసారి కొడుతుంది, మట్టి రాలిపోతుంది. పండిన ఆకు, పురుగు తిన్న కొమ్మ బొటనవేలి గోటికే తెగి పక్కన పడతాయి. అరటినార రెండు చుట్లు తిరిగి ముడిపడుతుంది. చూపు మాత్రం బేరమాడే మనిషి మీదే ఉంటుంది. తర్వాత కట్టను పక్కనున్న బకెట్లో ముంచి, విదిలించి వరసలో పేరుస్తుంది. నేను వెళ్లిన పని ఆ బకెట్‌తోనే.

కూరగాయలు పండించే రైతులకు శుభ్రత మీద శిక్షణ ఇస్తున్నారు, చూసి రాయమని సంపాదకులు పంపారు. తరగతి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. తెర మీద బొమ్మలు, సూక్ష్మజీవుల పేర్లు, చేతులు కడుక్కునే పద్ధతి, చివర్లో ఫొటో. చెప్పినవన్నీ సరైన మాటలే. చివరి వరసలో కూర్చున్న ఈమె హైదరాబాద్‌లో ఎల్బీనగర్ దగ్గరి ఒక కాలనీ అంగట్లో కూర అమ్ముతుందని తెలిసి, అంగడి రోజున అక్కడికి వెళ్లాను. ఆమెది ఇబ్రహీంపట్నం వైపు ఊరు, బోరు నీళ్ల మడులు. మధ్యాహ్నం కోసి, తడి గోనెల్లో చుట్టి బస్సెక్కుతుంది.

శిక్షణలో ఏం చెప్పారమ్మా అని అడిగాను.

"చేతులు సబ్బుతోని కడుక్కోమన్నరు, కూర మంచినీళ్లల్ల కడగమన్నరు. మంచిగనే చెప్పిండ్రు బిడ్డా. గీడ నల్లా ఏది? ఆ అపార్టుమెంటు వాచ్‌మన్‌ను బతిమాలితె రెండు బకెట్లు ఇస్తడు. అంగడి ఎత్తేసేదాంక గవ్వే నీళ్లు. ఇగ ఆడోళ్లం, ఒంటికి పోవాలంటె యాడికి పోవాలె? నీళ్లు తాగకుంటనె కూసుంటం."

ఆ మాట విన్నాక తెర మీది బొమ్మలన్నీ నాకు అన్యాయంగా తోచాయి. మరుగుదొడ్డి లేదు, నల్లా లేదు, సబ్బు పెట్టుకునే గట్టు లేదు. చేతులు కడుక్కోవాలనే పాఠం మాత్రం ఆమెకు అప్పజెప్పాం.

ఒకే బకెట్ నీళ్లలో సాయంత్రమంతా కట్టలు ముంచితే, ఒక కట్ట మీది మురికి మిగిలిన వాటన్నిటికీ అంటుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆకుకూర కొనేవాళ్లు ముందుగా అడిగేది "మూసీ నీళ్ల కూరా?" అని. మూసారాంబాగ్, నాగోలు మీదుగా పారే ఆ మురుగునీళ్లను చూసినవాళ్లు అలా అడగడం సహజమే. అయితే కూర చెడడానికి పొలం ఒక్కటే కారణం కాదు. పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్‌లో మురుగునీటితో పండిన కూరల్ని పరీక్షించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, పొలంలో కంటే మార్కెట్లోనే కూరల మీద ఈ.కోలై ఎక్కువగా కనిపించింది. చేను దాటాక జరిగే చెరుపు అది. మురుగునీరే దిక్కైన చోట కూడా చేయగలిగింది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాలు చెబుతాయి: కోతకు కొన్ని రోజుల ముందు తడి ఆపాలి, ఆకు మీద చల్లకుండా మొక్క మొదట్లో పారించాలి. ఎండ, గాలి తగిలి క్రిములు చాలావరకు చస్తాయి. మడి గట్టు మీద నిలబడి చెబితే ఏ రైతుకైనా ఇట్టే అర్థమయ్యే సంగతి.

పచ్చి ఆకుకూరతో ముప్పు ఊహ కాదు. 2006లోనే అమెరికాలో పచ్చి పాలకూర తిని సుమారు 200 మంది జబ్బుపడ్డారు, కొందరు చనిపోయారు. ఇలాంటి అనుభవాల తర్వాత 2015లో అక్కడ వచ్చిన నిబంధన ప్రకారం, దాని పరిధిలోకి వచ్చే పొలంలో కనీసం ఒక్కరైనా శిక్షణ పొంది ఉండాలి. మన ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కూడా 2006దే. అందులోని 18వ సెక్షన్ రైతును, సాగును చట్టం పరిధి నుంచి తప్పించింది. తప్పించడం మంచిదే. ఈ తల్లి మీదికి ఇన్‌స్పెక్టర్ రావాలని నేను కోరను. కానీ ఆ మినహాయింపు పట్టించుకోకపోవడంగా మారింది. 2017 నుంచి నడుస్తున్న ఫోస్టాక్ (ఆహార భద్రత శిక్షణ, ధ్రువీకరణ) లెక్కలో, ఆహార వ్యాపారంలో పనిచేసే ప్రతి 25 మందికి శిక్షణ పొందిన ఒక పర్యవేక్షకుడు ఉండాలి. హోటల్ వంటింటికి ఉన్న ఆ లెక్క, హోటల్‌కు కొత్తిమీర పండించే మనిషి దాకా రాలేదు.

శ్రద్ధ పెడితే మార్పు వస్తుందనడానికి దూరం పోనక్కర్లేదు. బాటసింగారానికి తరలకముందు పండ్ల మార్కెట్ ఇక్కడే కొత్తపేటలో ఉండేది. మామిడిని కార్బైడ్‌తో మగ్గబెట్టడం మీద 2015లో హైకోర్టే కల్పించుకుంది. 2016లో ఇథిలీన్ వాయువుతో మగ్గబెట్టడానికి అనుమతి వచ్చింది. కార్బైడ్ నిషేధంతో పాటు ఇంకో దారి కూడా చూపించారు. మామిడిపండు తొక్క తీసి తింటాం. కొత్తిమీర, పుదీనా పచ్చివే చట్నీలో పడతాయి. వాటి మీద అంత పట్టింపు కనిపించదు.

పురుగుమందుల సంగతీ ఇంతే. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ అనే మందు వాడకాన్ని 2005లోనే నిషేధించారు. డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉంటే అన్నిటికన్నా ప్రమాదకరమని, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలో డబ్బా మీదే ఉంటుంది, చీమ తలకాయంత అక్షరాల్లో. "దుకాణపాయన ఏం చెప్తె గదే" అంది.

చెప్పగలిగినవాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు. ఎల్బీనగర్ దాటగానే హయత్‌నగర్‌లో కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రిడా) వారి పరిశోధన క్షేత్రం, రాజేంద్రనగర్‌లో సస్యరక్షణ జాతీయ సంస్థ ఉన్నాయి. వారికి నా మనవి ఒకటే: రైతుల్ని హాలుకు పిలవకండి, మడి దగ్గరికి, అంగడికి మీరే రండి, త్రికోణం రంగులు చేతిలో డబ్బా పెట్టి చూపించండి. అంగడిలో జాగకు రుసుం వసూలు చేసేవారు ఆ డబ్బుతో ముందు ఒక నల్లా, ఆడవాళ్లకు ఒక మరుగుదొడ్డి పెట్టించాలి. కొనే మనం తడి మెరుపు చూసి కట్ట ఎంచుకోవడం మానేద్దాం. పొడిగా ఉన్న కట్టే అడుగుదాం, ఇంట్లో నల్లా కింద మనమే కడుక్కుందాం.